పోస్టా, కొరియరా, ఫార్వర్డరా? విదేశాల నుంచి హాబీ సామాన్లు తెప్పించుకునే దారుల పోలిక

రెండు సన్న బ్రష్షులు, ఒక డెకాల్ షీటు (మోడళ్ల మీద అతికించే గుర్తుల కాగితం). షిప్పింగ్ చూస్తే సరుకు ధరకి మూడింతలు. పావలా కోడికి ముప్పావలా మసాలా అని విసుక్కుని పేజీ మూసేసేవాళ్లు కొందరు, ఎలాగూ షిప్పింగ్ కడుతున్నాం కదా అని కార్టులో ఇంకో నాలుగు వస్తువులు పడేసేవాళ్లు కొందరు. రెండూ తొందరపాటే. ఏ దారిన తెప్పించుకోవాలో చెకౌట్‌లో కనిపించే షిప్పింగ్ అంకె చెప్పదు, సామాను చెప్తుంది. అది బరువైనదా, చోటు తినేదా? విమానం ఎక్కనిస్తారా? దారిలో పోతే మీకు ఎంత నష్టం? వేగం గురించి ఆలోచించాల్సింది వీటి తర్వాతే. హాబీ సామాను వారం ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు.

ముందు పెట్టె కొలవండి

డీహెచ్‌ఎల్, ఫెడెక్స్, యూపీఎస్ లాంటి కొరియర్లు రెండు బరువులు చూస్తాయి. ఒకటి తూకంలో వచ్చేది. రెండోది వాల్యూమెట్రిక్ బరువు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. పైగా బరువు అర కిలో మెట్లలో పెరుగుతుంది కాబట్టి 2.51 కిలోల పార్సిల్‌కి 3 కిలోల ధర పడుతుంది.

100 గ్రాముల ఊలు ఉండలు పది తీసుకోండి. సరుకు ఒక కిలో. వాటిని 40×30×25 సెంటీమీటర్ల అట్టపెట్టెలో సర్దితే 30,000ని 5000తో భాగించి 6 కిలోలు. ఒక కిలో ఊలుకి ఆరు కిలోల కిరాయి అన్నమాట. అదే గాజు పూసలైతే 2 కిలోలు 20×15×10 పెట్టెలో పట్టేస్తాయి. వాల్యూమెట్రిక్ లెక్కలో అది 0.6 కిలో మాత్రమే, కాబట్టి అసలు తూకానికే కడతారు. ఊలు, ఫెల్టు, ఫోమ్ షీట్లు కొనేవాళ్లకి కొరియర్ దండగ. పూసలు, ఇత్తడి భాగాలు, చేపల గాలాలకి కట్టే సీసపు గుండ్లు కొనేవాళ్లకి అలాంటి శిక్ష లేదు, కానీ ప్రతి గ్రాముకీ నిఖార్సుగా కట్టాలి.

స్కేల్ మోడల్ కిట్ల దగ్గర అసలు దెబ్బ కిట్ పెట్టె వల్ల కాదు, బయటి అట్టపెట్టె వల్ల. 38×25×8 సెంటీమీటర్ల కిట్ వాల్యూమెట్రిక్ బరువు 1.52 కిలోలు. దుకాణంవాళ్లు చేతికందిన పెద్ద పెట్టెలో వేసి, ప్రతి వైపు కొలతకీ 5 సెంటీమీటర్లు పెరిగితే అది 43×30×13 అవుతుంది, అంటే 3.35 కిలోలు. లోపల పెరిగింది గాలి తప్ప ఇంకేం లేదు, లెక్కలోకొచ్చే బరువు మాత్రం రెట్టింపు దాటింది. అందుకే ఆర్డర్ నోట్‌లో "కిట్‌కి సరిపడే పెట్టెలో, ఏ కొలతా రెండు సెంటీమీటర్లకి మించి పెరగకుండా సర్దండి" అని రాయడం వల్ల డిస్కౌంట్ కూపన్ కంటే ఎక్కువ మిగలొచ్చు. కిట్ పెట్టె పారేసి లోపలి భాగాలు మాత్రం పంపమనే సలహా కూడా వినిపిస్తుంది. వద్దు. భాగాలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రాలు (స్ప్రూలు) విరుగుతాయి, డెకాల్స్ మడత పడతాయి, విరిగినదానికి పరిహారం అడిగితే ప్యాకింగ్ సరిగా లేదన్న జవాబు వస్తుంది. ఊలు విషయంలో మాత్రం గాలి తీసేసే వ్యాక్యూమ్ సంచిలో పంపమని నిస్సంకోచంగా అడగొచ్చు. చేరాక ఆవిరి పట్టిస్తే మళ్లీ పొంగుతుంది.

పోస్టు చాలా దేశాల్లో అసలు తూకానికే వసూలు చేస్తుంది, కానీ కొలతలకి హద్దు పెడుతుంది. చిన్న ప్యాకెట్ అనే తరగతికి 2 కిలోలు గరిష్ఠం. మూడు కొలతలూ కలిపి 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఏ ఒక్క వైపూ 60 దాటకూడదు. పైన చెప్పిన ఊలు పెట్టె 40+30+25, అంటే 95. ఐదు సెంటీమీటర్ల కోసం పార్సిల్ రేటుకి జారిపోతుంది. 35×30×20 పెట్టెలో కుక్కితే 85తో లోపలే ఉంటుంది. గొట్టంలా చుట్టినవాటికి లెక్క వేరు: పొడవుకి వ్యాసం రెండింతలు కలిపితే 104 సెంటీమీటర్లలోపు, పొడవు 90లోపు ఉండాలి. మీటరు పొడవున్న ఇత్తడి గొట్టాలు, కార్బన్ ఫైబర్ కడ్డీలు ఇందులో పట్టవు. పనికి అడ్డం రాకపోతే సగానికి కోసి పంపమనండి, చాలా దుకాణాలు కాదనవు.

2 కిలోల హద్దులో అట్టపెట్టె, బబుల్ కవర్ బరువు కూడా కలుస్తుంది. 1.9 కిలోల సరుకు కార్టులో పెట్టి పొంగిపోవద్దు. 1.7 దగ్గర ఆగితేనే నిశ్చింత.

పోస్టులోనూ రకాలున్నాయి

దుకాణం పేజీలో "ఎయిర్ మెయిల్" అని ఉంటే అది ట్రాకింగ్ లేని మామూలు ప్యాకెట్ కావచ్చు, రిజిస్టర్డ్ కావచ్చు. నంబరు చూస్తే తెలుస్తుంది. అంతర్జాతీయ పోస్టు నంబరులో మొదట రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశం కోడ్ రెండక్షరాలు ఉంటాయి. ఆర్‌తో మొదలైతే రిజిస్టర్డ్, ఇ అయితే ఈఎంఎస్ (పోస్టువాళ్ల ఎక్స్‌ప్రెస్ సేవ), సి అయితే పార్సిల్, ఎల్ అయితే ట్రాకింగ్ ఉన్న ప్యాకెట్. యు అక్షరంతో మొదలయ్యే నంబరు కస్టమ్స్ సమాచారం కోసం వేసిన బార్‌కోడ్ మాత్రమే. అది మీ ఇంటిదాకా కదలికలు చూపిస్తుందని ఎదురుచూడకండి. ఖరీదైన వస్తువుకి యు నంబరు వచ్చిందంటే దుకాణంవాళ్లు మిగుల్చుకున్నారని అర్థం. సరుకు బయల్దేరకముందే రిజిస్టర్డ్‌కి మార్చమని అడగండి.

ట్రాకింగ్ రెండు మూడు వారాలు కదలకపోతే కంగారు పడాల్సిన పని లేదు. పంపే దేశం ఎక్స్చేంజ్ కార్యాలయం (విదేశీ పోస్టు వచ్చిపోయే కేంద్రం) నుంచి బయటపడ్డాక, మీ దేశపు ఎక్స్చేంజ్ కార్యాలయంలో సంచి విప్పేదాకా మధ్యలో స్కాన్ చేసేవాళ్లుండరు. విమానంలో చోటు కోసం ఎదురుచూసే రోజులన్నీ ఆ మౌనంలోనే గడుస్తాయి.

పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల "స్టాండర్డ్ షిప్పింగ్" చాలాసార్లు పోస్టే కాదు. వేల ప్యాకెట్లు కలిపి సరుకు విమానంలో తెచ్చి, దిగిన దేశంలో అక్కడి డెలివరీ కంపెనీకి అప్పగిస్తారు. రెసిస్టర్లు, కనెక్టర్లు, బటన్లు, సూదులు లాంటి చిన్న చవక వస్తువులకి ఇంతకంటే మంచి దారి లేదు. తేడా వస్తే మాత్రం ఫిర్యాదు ఆ మార్కెట్‌ప్లేస్‌కే. పోస్టాఫీసుకి వెళ్తే వాళ్ల దగ్గర ఆ నంబరే ఉండదు.

ఓడలో వచ్చే సర్ఫేస్ మెయిల్ ఒకటి నుంచి మూడు నెలలు తీసుకుంటుంది, అన్ని దేశాల నుంచీ దొరకదు కూడా. అమెరికా పోస్టు 2007లోనే ఆపేసింది. దొరికిన చోట బరువైన పుస్తకాలకి, ఉక్కు పనిముట్లకి బావుంటుంది. జిగురు, పెయింటు, తేమ పీల్చే త్రీడీ ప్రింటర్ ఫిలమెంట్ మాత్రం ఆ దారిన వద్దు.

షిప్పింగ్ తేడా 20, అసలు తేడా 36

చాలా దేశాల్లో దిగుమతి సుంకం సరుకు ధర మీద మాత్రమే వేయరు. సరుకు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద వేస్తారు. ఆ మొత్తానికి సుంకం కలిపి, దాని మీద మళ్లీ అమ్మకపు పన్ను. అంటే ఖరీదైన షిప్పింగ్ ఎంచుకుంటే పన్ను కూడా పెరుగుతుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా సుంకం లెక్కలో అంతర్జాతీయ కిరాయిని కలపవు. అక్కడివాళ్లకి ఈ బాధ తక్కువ.

కరెన్సీ ఏదైనా సరే, 100 విలువైన సరుకు, సుంకం 10 శాతం, పన్ను 20 శాతం అనుకోండి. పోస్టు కిరాయి 25. మొత్తం 125 మీద సుంకం 12.5, అప్పుడు 137.5 మీద పన్ను 27.5, వెరసి 165. పోస్టు తీసుకునే కస్టమ్స్ హ్యాండ్లింగ్ రుసుము 5 కలిపితే 170. కొరియర్ కిరాయి 45 అయితే 145 మీద సుంకం 14.5, 159.5 మీద పన్ను 31.9, మొత్తం 191.4. మీ తరఫున పన్ను ముందే కట్టినందుకు కొరియర్ వేసే అడ్వాన్స్ రుసుము 15 కలిపితే 206.4. చెకౌట్‌లో కనిపించిన తేడా 20. జేబులోంచి పోయిన తేడా 36.4. ఆర్డర్ చిన్నదయ్యే కొద్దీ ఆ స్థిర రుసుము ఇంకా ఘోరంగా కనిపిస్తుంది.

ఇక్కడే డీడీపీ, డీఏపీ అన్న రెండు మాటలు చూసుకోవాలి. డీడీపీ అంటే సుంకం, పన్ను అమ్మేవాళ్లే కట్టి పంపుతారు, తలుపు దగ్గర ఇంకేమీ అడగరు. డీఏపీ అంటే అవన్నీ మీ నెత్తినే. పై ఉదాహరణలో ఎవరైనా డీడీపీ కొరియర్‌తో కలిపి 180కి ఇస్తానంటే పోస్టు కంటే 10 ఎక్కువ. నా లెక్కలో ఆ 10 పెట్టొచ్చు. కస్టమ్స్‌తో మాట్లాడే పనీ, పోస్టాఫీసు చుట్టూ తిరిగే పనీ తప్పుతుంది.

పాత సలహాలు నమ్మి ఆర్డర్లని ముక్కలు చేయొద్దు. తక్కువ విలువ పార్సిళ్లకి పన్ను లేదన్న రోజులు చాలా చోట్ల పోయాయి. యూరోపియన్ యూనియన్ 22 యూరోల వరకు ఉన్న వ్యాట్ మినహాయింపుని 2021 జులై 1న తీసేసింది. అమెరికా 800 డాలర్ల వరకు ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల సరుకుకీ ఆపేసింది. మినహాయింపు ఇంకా ఉన్న దేశంలో కూడా ఒకే అడ్రసుకి ఒకేసారి దిగిన రెండు ప్యాకెట్లని కలిపి లెక్కేస్తే ముక్కలు చేసిన ప్రయోజనం పోతుంది, షిప్పింగ్ మాత్రం రెండుసార్లు కట్టినట్టే.

విలువ తక్కువ చేసి రాయమని, గిఫ్ట్ అని వేయమని అమ్మేవాళ్లని అడగొద్దు. గిఫ్ట్ అనేది ఒక మనిషి ఇంకో మనిషికి పంపితేనే, దుకాణం పంపింది గిఫ్ట్ కాదు. ఇక 100 విలువైనదాన్ని 20 అని రాయిస్తే, పోయినప్పుడు వచ్చే పరిహారం కూడా ఆ 20 దగ్గరే ఆగుతుంది.

పార్సిల్ ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే

హాబీ సామాన్లలో సగం ప్రమాదకర సరుకుల జాబితాను ఆనుకుని ఉంటాయి. ఆ సంగతి ఆర్డర్ రద్దయ్యాకో, పెట్టె వెనక్కి వెళ్లాకో తెలుస్తుంది.

పెయింట్ల దగ్గర మొదటి గీత ఫ్లాష్ పాయింట్. ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్‌కి మించని ద్రవాలు మండే సరుకు కింద వస్తాయి. లాకర్, ఎనామెల్ పెయింట్లు, వాటి థిన్నర్లు దాదాపు అన్నీ ఇందులోవే. ఎయిర్‌బ్రష్ కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఫ్లాష్ పాయింట్ సుమారు 12 డిగ్రీలు. స్ప్రే డబ్బాలు పీడనంలో ఉన్న వాయువు కాబట్టి వేరే తరగతి, పోస్టులో అసలు కుదరవు. నీటి ఆధారిత అక్రిలిక్ రంగులు నియమం ప్రకారం మామూలు సరుకే. అయినా ఎక్స్‌రేలో సీసాలు కనిపించగానే ఆపేసే పోస్టల్ కేంద్రాలున్నాయి. కొనే ముందు ఆ రంగుకి తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీటు తెరిచి 9వ సెక్షన్‌లో ఫ్లాష్ పాయింట్, 14వ సెక్షన్‌లో రవాణా సమాచారం చూడండి. 14లో నియంత్రణ వర్తించదని ఉంటే ఆ కాగితం ప్రింటు పెట్టెలో వేయమని అడగండి. యూఎన్ 1263 (ప్రమాదకర సరుకుల జాబితాలో పెయింట్లకి ఇచ్చిన సంఖ్య) అని ఉంటే ఆ సీసా కార్టులోంచి తీసేయండి. చలికాలంలో గడ్డకట్టే దారుల గుండా వస్తే అక్రిలిక్ రంగులు విరిగిపోయి గడ్డలు కడతాయి, కరిగాక ఎంత కలిపినా మునుపటిలా కావు.

సూపర్ గ్లూ ఫ్లాష్ పాయింట్ 60 దాటినా విమానంలో నియంత్రిత ద్రవమే, యూఎన్ 3334. సోల్డర్ తీగకి అడ్డేమీ లేదు. ఆల్కహాల్ ఉన్న ద్రవ ఫ్లక్స్ మండే సరుకు. సోల్డర్ పేస్టుకి చల్లదనం కావాలి, వారాల ప్రయాణం తర్వాత ఎండిపోయి చేరుతుంది. దాన్ని మీ దేశంలోనే కొనండి.

లిథియం బ్యాటరీల్లో పరికరం లోపల ఉన్నదీ, విడిగా ఉన్నదీ ఒకటి కాదు. విడి లిథియం అయాన్ బ్యాటరీలు యూఎన్ 3480 కిందకి వస్తాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి వాటిని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయనివ్వరు. సరుకు విమానంలోనైనా చార్జి 30 శాతం దాటకూడదు. పరికరంతో పాటుగానో లోపలో ఉంటే యూఎన్ 3481, కాస్త సులువు. ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానానికి వాడే 11.1 వోల్టుల 2200 మిల్లీ ఆంపియర్ అవర్ ప్యాక్ సామర్థ్యం 24.4 వాట్ అవర్లే, 100 వాట్ అవర్ల హద్దుకి చాలా కింద. అయినా విడిగా వస్తే 3480యే, చిన్నది కదా అని వదలరు. కార్టులో విడి బ్యాటరీ ఒక్కటి ఉంటే మిగతా సరుకంతా దాని దారికే పోతుంది. కిట్‌ని బ్యాటరీ లేకుండా తెప్పించుకుని, బ్యాటరీ దగ్గర్లో కొనడమే మేలు.

నియోడిమియం అయస్కాంతాలు చాలామందికి తట్టవు. బయటికి పాకే అయస్కాంత క్షేత్రం ఎక్కువైతే విమానం దిక్సూచికి ఇబ్బంది, కాబట్టి దానికీ హద్దు ఉంది. జతలుగా ఎదురెదురు ధ్రువాలు అతికించి, చుట్టూ పల్చటి ఉక్కు రేకు పెట్టి సర్దే దుకాణం దగ్గరే కొనండి. గిటార్లు చేసేవాళ్లు రోజ్‌వుడ్ పలకలు తెప్పించేటప్పుడు జాగ్రత్త: రోజ్‌వుడ్ చెట్లు చేరే డాల్బెర్జియా ప్రజాతి దాదాపు అంతా 2017 జనవరి 2 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే ఇంకా కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. 2019 నవంబరు నుంచి తయారైన వాయిద్యాలకి మినహాయింపు వచ్చింది, కోసిన పలకలకి రాలేదు. అనుమతి పత్రం లేని పలక జప్తు అవుతుంది, డబ్బు వెనక్కి రాదు. విత్తనాలకి పంపే దేశం వ్యవసాయ శాఖ తెగుళ్లు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ ధృవపత్రం కావాలి. దాని రుసుము విత్తనాల ధరని మించిపోవడం మామూలే.

అన్నీ సక్రమంగా ఉన్నా కస్టమ్స్ కాగితం మీద "హాబీ పార్ట్స్" అని రాస్తే పార్సిల్ ఆగుతుంది. పోస్టులో 300 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల ప్రమాణం) విలువ వరకు సీఎన్ 22, అది దాటితే సీఎన్ 23 ఫారం. వస్తువేమిటి, దేంతో చేసింది, ఎన్ని, ఒక్కోటి ఎంత, ఏ దేశంలో తయారైంది అన్నవి ఉండాలి. "ప్లాస్టిక్ విమానం మోడల్ కిట్, జోడించనిది, 2, రంగులు బ్యాటరీలు లేవు" అని రాస్తే ఎవరూ పెట్టె విప్పరు అనను, కానీ ఆపేవాడికి అడగడానికి ప్రశ్న మిగలదు. కస్టమ్స్ సరుకుల్ని వర్గీకరించడానికి ప్రపంచమంతా వాడే ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ కూడా ఇవ్వండి: బొమ్మలు, మోడల్ కిట్లకి 9503.00, గాజు పూసలకి 7018.10, వాయిద్యాల తీగలకి 9209.30.

ఫార్వర్డర్ ఎప్పుడు, కలిసి కొనడం ఎప్పుడు

ఫార్వర్డర్ అంటే ఆ దేశంలో మీకొక అడ్రసు ఇచ్చి, వచ్చిన పెట్టెలన్నీ కలిపి పంపే గోదాం. మూడు, నాలుగు దుకాణాల నుంచి కొంటూ, ఆ దుకాణాలు విదేశాలకి పంపనప్పుడు పనికొస్తుంది. ఒక్క దుకాణం కోసమైతే దాదాపు ఎప్పుడూ నష్టమే. కలిపే రుసుము, మళ్లీ సర్దే రుసుము, ఫోటో రుసుము, ఉచిత గడువు దాటాక నిల్వ అద్దె ఒక్కొక్కటీ చిన్నవే, మొత్తం చిన్నది కాదు. అసలు చిక్కు ఇంకోటి: సరుకు గోదాం తలుపు దాటగానే అమ్మినవాళ్ల బాధ్యత తీరిపోతుంది. విరిగిన కిట్ మీ చేతికొచ్చాక గోదాంవాళ్లు దుకాణాన్ని, దుకాణం గోదాంని చూపిస్తాయి. వచ్చిన వెంటనే లోపలి వస్తువు ఫోటో తీయించడం ఒక్కటే రక్ష, ఆ రుసుము దగ్గర పిసినారితనం వద్దు. అమెరికాలో గోదాం ఎంచుకునేటప్పుడు రాష్ట్ర అమ్మకపు పన్ను లేని ఓరెగాన్, డెలావేర్ లాంటి చోట్లు చూడండి.

నలుగురు కలిసి ఒకే ఆర్డర్ పెడితే స్థిర రుసుములు నాలుగు భాగాలవుతాయి. అయితే ఆర్డర్ విలువ పెరిగి మినహాయింపు గీత దాటొచ్చు, ఎవరి పేరున వచ్చిందో వాళ్లే కస్టమ్స్‌కి జవాబుదారీ. కిరాయిని బరువుని బట్టి, పన్నుని ధరని బట్టి పంచుకోవాలి. రెండింటినీ తలా సమానంగా పంచితే, పల్చటి డెకాల్ షీట్లు కొన్నవాడు పక్కవాడి బరువైన వైస్ పనిముట్టుకి కిరాయి కట్టినట్టవుతుంది. గొడవలన్నీ అక్కడే పుడతాయి.

పోతే, విరిగితే

విమాన సరుకు నష్టానికి మాంట్రియల్ ఒప్పందం (అంతర్జాతీయ విమాన రవాణాలో బాధ్యతల ఒప్పందం) ప్రకారం వచ్చే పరిహారం హద్దు 2024 డిసెంబరు 28 నుంచి కిలోకి 26 ఎస్‌డీఆర్. 300 గ్రాముల కెమెరా లెన్సుకి అది 7.8 ఎస్‌డీఆర్. బరువు తక్కువ, విలువ ఎక్కువ ఉన్నవాటికి విడిగా ఇన్సూరెన్స్ తీసుకోవాల్సింది ఇందుకే. బరువైన చవక సామానుకి దండగ. డ్యామేజీ ఫిర్యాదు ఆ ఒప్పందం కింద అందుకున్న 14 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, కాబట్టి తీరిక చూసి విప్పుదాం అని పెట్టె అటక మీద పెట్టకండి. విప్పేటప్పుడు వీడియో తీయండి, బయటి అట్టపెట్టె దాచండి.

పోస్టుకి ఆ ఒప్పందం వర్తించదు. అక్కడ విచారణ పంపినవాళ్ల చేత పెట్టించడమే సులువు, గడువు పోస్టు చేసిన మర్నాటి నుంచి ఆరు నెలలు. పేపాల్‌లో వివాదం తెరవడానికి డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజులు. సర్ఫేస్ మెయిల్‌లో మూడు నెలలు దారిలోనే పోతాయి కాబట్టి, వందో రోజు దాటినా రాకపోతే "ఇంకో రెండు వారాలు చూడండి" అనే మెయిళ్లకి లొంగకుండా వివాదం తెరిచేయండి.

ఇన్ని దారులు పోల్చాక మీ దేశంలోని దిగుమతి దుకాణం ధరని కూడా ఒకసారి పక్కన పెట్టి చూడండి. అన్నీ కలిపిన మీ లెక్క కంటే అక్కడ 15 శాతం వరకు ఎక్కువైనా నేనైతే అక్కడే కొనమంటాను. విరిగితే మార్చుకోవచ్చు, వారంటీ ఉంటుంది. త్రీడీ ప్రింటర్ ఫిలమెంట్, ప్లాస్టర్, మోడలింగ్ మట్టి, రెసిన్ లాంటి బరువైన, ఎక్కడైనా దొరికే వాటికి ఈ లెక్క కూడా అక్కర్లేదు. విదేశీ కార్టులో అవి కనిపిస్తే తీసేసి, మిగిలిన బరువు మళ్లీ చూసుకుని అప్పుడు దారి ఎంచుకోండి.